గెలిచాక పార్టీ మారిన ఎమ్మెల్యే: మా ఓటు ఏమైనట్టు?

మగ్గం గుంట
మొన్న మా ఊళ్లో సీసీ రోడ్డు శంకుస్థాపనకి మా ఎమ్మెల్యే వచ్చాడు. మనిషి పేరు రాయను, పార్టీల పేర్లూ రాయను. అవి ఏ పార్టీలైనా నా బాధ ఇదే. 2023 చివర్లో ఒక గుర్తు మీద గెలిచాడు. కొన్నాళ్లకే అవతలి కండువా కప్పుకున్నాడు. రాజీనామా లేదు, ఉప ఎన్నిక లేదు. కొబ్బరికాయ కొట్టాక మా పక్కింటి పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, ముందుకొచ్చి "సారూ, మేం ఆ గుర్తుకు ఓటేసినం. మీరు ఈ గుర్తు దిక్కు పోయిన్రు. మమ్ముల ఒక్క మాటన్నా అడిగిన్రా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా కిక్కురుమనలేదు. ఎమ్మెల్యే నవ్వుతూ పెద్దాయన భుజమ్మీద చెయ్యేసి, "తాతా, నువ్వు ఓటేసింది నాకు, గుర్తుకు కాదు. నేనేడుంటే నువ్వాడనే" అని కారెక్కి పోయాడు.

ఆ మాట నాకు ఇంకా మింగుడు పడటం లేదు. ప్రచారంలో ఇదే మనిషి మా వీధికొచ్చి నమూనా బ్యాలెట్ చూపిస్తూ "నంబర్ మర్చిపోయినా పర్లేదు, గుర్తు మాత్రం మర్చిపోవద్దు" అని గడపగడపకీ చెప్పాడు. అప్పుడు గుర్తే దేవుడు. ఇప్పుడు గుర్తుకు విలువే లేదట.

పార్టీ మారిన ఎమ్మెల్యేల అనర్హత సంగతి తేల్చడానికి 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కి మూడు నెలల గడువు పెట్టిందని పేపర్లో చదివాను. దానివల్ల ఏమైనా ఒరుగుతుందా? అసలు ఓటరుగా నేను చెయ్యగలిగింది ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల తిట్లు మాత్రం వద్దు.

బెజవాడ బస్టాండ్
పార్టీల తిట్లు వద్దంటే ఇక్కడ సగంమందికి కీబోర్డుతో పనే ఉండదు.

ఓరుగల్లు కోట
"నేనేడుంటే నువ్వాడనే" అన్నాడా! ఓటరంటే ఆయన కారు డిక్కీలో పెట్టుకున్న సామానా? ఆ పెద్దాయనకు దండం పెట్టాలి. మా దగ్గర అడిగేవాళ్లు కూడా లేరు.

నేలబారు
కోపం అర్థమైంది కానీ కాస్త నేల మీదికి రండి. నేను చిన్న సివిల్ పనులు చేస్తాను. ఎమ్మెల్యే ప్రతిపక్షంలో ఉంటే ఆ నియోజకవర్గంలో ఏ ఫైలూ కదలదు. రోడ్డు శాంక్షన్ కాదు, అయినా బిల్లు రాదు. పార్టీ మారాడు కాబట్టే మీ ఊరికి ఆ సీసీ రోడ్డు వచ్చింది. మీ పెద్దాయన రేపట్నుంచి నడిచేది కూడా దాని మీదే. పార్టీ కావాలా, రోడ్డు కావాలా అని ఊళ్లో అడిగి చూడండి, ఏం చెప్తారో.

మగ్గం గుంట
@నేలబారు అన్నా, ప్రతిపక్ష ఎమ్మెల్యే ఉన్నచోట రోడ్డు ఎందుకు రాకూడదు? ఆ డబ్బు పార్టీ ఆఫీసులోంచి వస్తుందా? మేం కట్టిన పన్నే కదా.

పాత రికార్డు
ఇది ఒక్క పార్టీ రోగం కాదని తేలాలంటే లెక్క మొత్తం ఒకచోట ఉండాలి.

2014, ఆంధ్రప్రదేశ్. 175 సీట్లలో టీడీపీకి 102, వైసీపీకి 67. ఆ 67 మందిలో 23 మంది ఐదేళ్లలో టీడీపీలో చేరారు. 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, రాజీనామా చెయ్యకుండా, ఎదుటి పార్టీ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం!

తెలంగాణ అంతకుముందే దారి చూపింది. 2014లో సనత్‌నగర్ నుంచి టీడీపీ టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ ఆ డిసెంబర్‌లోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి. రాజీనామా ఇచ్చేశానని ఆయన అన్నారు, అది ఆమోదం పొందలేదు. ఆయన మంత్రిగానే కొనసాగారు.

2018లో కాంగ్రెస్‌కి 19 సీట్లొచ్చాయి. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎంపీగా గెలిచి అసెంబ్లీ సీటు వదులుకోవడంతో 18 మిగిలారు. అందులో 12 మంది, అంటే సరిగ్గా మూడింట రెండొంతులు, 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో 'విలీనం' అయ్యారు. అప్పటి స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డి దాన్ని గుర్తించారు. 2023లో బీఆర్ఎస్‌కి 39 వచ్చాయి. అందులో పదిమంది 2024లో కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఆ పదిమందిలో బాన్సువాడ ఎమ్మెల్యే పోచారం శ్రీనివాస్ రెడ్డి కూడా ఉన్నారు.

రాజ్యసభ కూడా తప్పించుకోలేదు. 2019 జూన్‌లో టీడీపీకి ఉన్న ఆరుగురు రాజ్యసభ సభ్యుల్లో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు.

బెజవాడ బస్టాండ్
స్పీకర్‌గా విలీనం స్టాంపు వేసినాయనే తర్వాత తానూ వెళ్లారన్నమాట. ఇది నేనింతవరకూ గమనించలేదు.

సీమ శనగలు
మీరందరూ ఓటరు చేతకానివాడన్నట్టు మాట్లాడుతున్నారు. 2019 మే 23న ఏం జరిగింది? 23 మందిని లాక్కున్న పార్టీకి 23 సీట్లే మిగిలాయి. అది దేవుడి స్క్రిప్టో ఏమోగానీ రాసింది మాత్రం జనమే. ఓటరు ఐదేళ్లు ఊరుకుంటాడు, ఆ ఒక్కరోజు మాట్లాడతాడు.

గోదారి గట్టు
@సీమ శనగలు ఆ తర్వాతి కథ కూడా చెప్పండి మరి. తన పార్టీలోకి రావాలంటే పదవికి రాజీనామా చేసి రావాల్సిందేనని 2019లో గెలిచిన జగన్ అసెంబ్లీలోనే చెప్పారు. వినడానికి చాలా బాగుంది, నేను కూడా చప్పట్లు కొట్టాను. తర్వాత నలుగురు టీడీపీ ఎమ్మెల్యేలు, జనసేనకున్న ఒకే ఒక్క ఎమ్మెల్యే ఎటు కూర్చున్నారు? కండువా కప్పలేదు, అంతే తేడా. చివరికి 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు గుమ్మంలోకొచ్చాక, అటు నలుగురిని ఇటు నలుగురిని, మొత్తం ఎనిమిది మందిని స్పీకర్ అనర్హులుగా ప్రకటించారు. పదవీకాలమంతా అనుభవించాక ఇంకేం అనర్హత?

సీమ శనగలు
అది తప్పే, కాదనను. కానీ పదవులకు రాజీనామా చేసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. 2017లో నంద్యాల ఉప ఎన్నికప్పుడు శిల్పా చక్రపాణి రెడ్డి ఎమ్మెల్సీ పదవి వదిలేసి వైసీపీలో చేరారు. ఇంకా ఏళ్లకి ఏళ్లు ఉన్న పదవి అది.

ఓరుగల్లు కోట
తెలంగాణలో కూడా ఉన్నారు. హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ 2021లో రాజీనామా చేసి, బీజేపీ టికెట్ మీద నిలబడి, అధికార పార్టీ సర్వశక్తులూ ఒడ్డినా గెలిచారు. 2022లో మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కూడా అలాగే రాజీనామా చేసి నిలబడి ఓడిపోయారు. ఒకాయన గెలిచాడు, ఒకాయన ఓడాడు. ఇద్దరూ జనం ముందుకు మాత్రం వెళ్లారు. వాళ్ల మిగతా రాజకీయం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఈ ఒక్క విషయంలో వేలెత్తి చూపలేం.

నేలబారు
మునుగోడు పేరు ఎత్తకండి స్వామీ. ఆ ఉప ఎన్నికలో ఎంత డబ్బు పారిందో దేశమంతా టీవీల్లో చూసింది. ఒక్కొక్క ఫిరాయింపుకి ఒక్కొక్క ఉప ఎన్నిక పెడితే ఊళ్లు ఏమవుతాయి?

మానుకోట మిర్చి
డబ్బు సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఓటరు కూడా సుద్దపూస కాదు. నోటు తీసుకుని ఓటేసినవాడికి "నా తీర్పుని కాలరాశారు" అని అడిగే హక్కు ఎక్కడిది? అమ్మిన సరుకు మీద అమ్మినవాడికి అధికారం ఉండదు.

గోదారి గట్టు
@మానుకోట మిర్చి ఇది నేను ఒప్పుకోను. మా అమ్మ కూలికి వెళ్తుంది. రెండు పార్టీలవాళ్లూ ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లారు. వద్దంటే ఊళ్లో కక్ష, పింఛను జాబితాలో పేరుంటుందో లేదోనని భయం. రెండు చోట్లా తీసుకుని తనకి నచ్చినవాడికే వేసింది. దాన్ని అమ్ముకోవడం అంటారా? ఇచ్చినవాడు దొర, తీసుకున్నది దొంగ అన్నట్టుంది మీ లెక్క.

మానుకోట మిర్చి
మీ అమ్మగారిని అనలేదండి. నేనంటున్నది ఇంకోటి. 2019లో కాంగ్రెస్‌లో ఆ 12 మంది వెళ్లిపోతే ఆరుగురు మిగిలారు గుర్తుందా? భట్టి, శ్రీధర్‌బాబు, సీతక్క, జగ్గారెడ్డి, రాజగోపాల్ రెడ్డి, భద్రాచలం పొదెం వీరయ్య. రాజగోపాల్ రెడ్డి తర్వాత రాజీనామా చేసి వెళ్లాడు. పొదెం వీరయ్య మాత్రం చివరిదాకా కదల్లేదు. 2023లో ఉమ్మడి ఖమ్మం జిల్లా పది సీట్లలో బీఆర్ఎస్ గెలిచింది ఒకే ఒక్కటి. అది భద్రాచలం. జిల్లా అంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే పార్టీ మారని మనిషి అక్కడే ఓడాడు. గెలిచిన తెల్లం వెంకట్రావు మరుసటి ఏడాదే కాంగ్రెస్ వైపు వెళ్లాడు. జగ్గారెడ్డి కూడా సంగారెడ్డిలో ఓడిపోయాడు. మాట మీద నిలబడ్డందుకు వాళ్లకు దక్కిందేంటి? ఇది చూసిన రేపటి ఎమ్మెల్యే ఏం నేర్చుకుంటాడు?

పాత రికార్డు
మీరన్నది నిజం, కానీ సగమే. వెళ్లిన ఆ 12 మంది సంగతి చూడండి. 2023లో మళ్లీ గెలిచింది ఇద్దరే, మహేశ్వరంలో సబితా ఇంద్రారెడ్డి, ఎల్బీ నగర్‌లో సుధీర్ రెడ్డి. రెండూ హైదరాబాద్ చుట్టుపక్కల సీట్లే. కొత్తగూడెం, పినపాక, ఇల్లందు, పాలేరు, నకిరేకల్, భూపాలపల్లి, తాండూరు, ఎల్లారెడ్డి, కొల్లాపూర్, అన్నిచోట్లా ఓడారు. ఒకరికి అసలు టికెట్టే దక్కలేదు. ఆంధ్రలో వైసీపీ నుంచి టీడీపీకి వెళ్లినవాళ్లలో 2019 గాలిని తట్టుకుని నిలిచింది అద్దంకి గొట్టిపాటి రవికుమార్ లాంటి అరుదైన పేర్లే. తెలంగాణ కాంగ్రెస్‌లో మిగిలిన ఆ ఆరుగురిలో భట్టి ఉప ముఖ్యమంత్రి, సీతక్క, శ్రీధర్‌బాబు మంత్రులు అయ్యారు. జనం అస్సలు పట్టించుకోరు అనడానికి లేదు.

నేలబారు
కర్ణాటక మర్చిపోయారు. 2019లో 17 మంది తిరగబడి, ఎక్కువమంది రాజీనామా చేసి, ప్రభుత్వాన్ని కూల్చారు, స్పీకర్ అనర్హులన్నాడు, సుప్రీంకోర్టు కూడా అనర్హతని నిలబెట్టింది, అయితే ఉప ఎన్నికలో నిలబడొచ్చంది. ఆ డిసెంబర్‌లో 15 సీట్లకి ఎన్నిక జరిగితే బీజేపీ 12 గెలిచింది. నిలబడ్డ ఫిరాయింపుదారుల్లో ఎక్కువమంది మళ్లీ గెలిచారు. జనానికి అధికారంలో ఉన్న ఎమ్మెల్యే కావాలి. అది చేదైనా నిజం.

మగ్గం గుంట
అలా గెలిస్తే నాకే అభ్యంతరమూ లేదన్నా. అడిగారు, జనం సరేనన్నారు, అయిపోయింది. మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేసి నిలబడి గెలిస్తే ఆయన ఇంటికెళ్లి నేనే దండ వేసొస్తా. నా బాధంతా అడక్కపోవడం గురించే.

కొత్త ఓటరు
నా మొదటి ఓటు 2023లోనే వేశాను. మా నియోజకవర్గంలోనూ ఇదే జరిగింది. ఈసారి నోటా నొక్కుతా. ఎవడికి వేసినా ఒకడి దగ్గరికే చేరేటప్పుడు ఎందుకింత టెన్షన్?

కోర్టు హాలు
@కొత్త ఓటరు నోటా 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. కానీ అసెంబ్లీ ఎన్నికలో నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా, ఆ తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలిచినట్టు. కోపం చూపించడానికి పనికొస్తుంది, ఫలితం మార్చడానికి కాదు.

అసలు ప్రశ్నకి వస్తాను. లాయర్ని, ఈ కేసులు కొంత దగ్గర్నుంచి చూశాను.

ఫిరాయింపుల చట్టం, అంటే రాజ్యాంగంలో పదో షెడ్యూల్, 1985లో వచ్చింది. పార్టీ సభ్యత్వాన్ని 'స్వచ్ఛందంగా వదులుకుంటే' అనర్హత. రాజీనామా కాగితం ఇస్తేనే వదులుకున్నట్టు కాదు, నడవడికని బట్టి కూడా తేల్చొచ్చని 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ముందు మూడో వంతు మంది కలిసి చీలితే తప్పు లేదని ఒక సందు ఉండేది. 2003 సవరణతో అది మూశారు. మూడింట రెండొంతుల విలీనం అనే సందు మిగిలింది. ఒక్కడు వెళ్తే తప్పు, పన్నెండు మంది కలిసి వెళ్తే ఒప్పు! 2019లో తెలంగాణలో పన్నెండో మనిషి దొరికేదాకా ఆగింది అందుకే.

అసలు లోపం మాత్రం తీర్పు చెప్పేవాడి దగ్గర ఉంది. స్పీకర్ అధికార పార్టీ టికెట్ మీద గెలిచిన మనిషి. ఆ పార్టీ మెజారిటీ ఉన్నంత వరకే ఆ కుర్చీ. 1992లో కిహోటో హోలోహన్ కేసులో ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు ఈ మాటే అన్నారు, ముగ్గురు స్పీకర్ చేతిలోనే ఉంచారు. కాకపోతే స్పీకర్ నిర్ణయాన్ని కోర్టు సమీక్షించొచ్చన్నారు. దాంతో స్పీకర్లు కనిపెట్టిన ఉపాయం, అసలు నిర్ణయమే తీసుకోకపోవడం. నిర్ణయం లేకపోతే సమీక్షించడానికి ఏముంటుంది?

2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చాలంది. స్పీకర్ బదులు రిటైర్డ్ జడ్జి నాయకత్వంలో శాశ్వత ట్రిబ్యునల్ పెట్టే విషయం పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది. పార్లమెంటు ఆలోచించలేదు. అదే కేసులో, కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి బీజేపీ ప్రభుత్వంలో మంత్రైన వ్యక్తిని కోర్టే మంత్రి పదవి నుంచి దింపింది. అంటే గట్టిగా పట్టుకుంటే జరగదని లేదు.

తెలంగాణ కేసులో ఫిర్యాదులిచ్చాక నెలల తరబడి కనీసం నోటీసు కూడా వెళ్లలేదు. కేసు సుప్రీంకోర్టుకి చేరాక కదలిక వచ్చింది. మూడు నెలల గడువు పెట్టింది అందుకే. అయితే గడువులోగా నిర్ణయం చెప్పమంది గానీ, ఏం చెప్పాలో చెప్పలేదు. "పార్టీ మారినట్టు ఆధారాల్లేవు" అని కొట్టేసినా అది నిర్ణయమే. మళ్లీ హైకోర్టు, మళ్లీ సుప్రీంకోర్టు.

బెజవాడ బస్టాండ్
ఆధారాల్లేవా? ఆ పదిమందిలో ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు కదా! నామినేషన్ వెంట పార్టీ ఇచ్చిన బీ ఫారం ఉంటుంది. ఇంకా ఏం ఆధారం కావాలి?

కోర్టు హాలు
అది అన్నిటికన్నా స్పష్టంగా కనబడే కేసు. మిగతావాళ్లు "నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలిశాం" అనే దారి పట్టుకుంటారు.

డల్లాస్ రాజు
వేరే కోణం చెప్తాను. అమెరికాలో ఫిరాయింపుల చట్టమే లేదు. ఆర్లెన్ స్పెక్టర్ అనే సెనేటర్ 2009లో రిపబ్లికన్ నుంచి డెమోక్రాట్ అయ్యాడు, రాజీనామా ఏమీ చెయ్యలేదు. 2010 ప్రైమరీలో కొత్త పార్టీ ఓటర్లే ఓడించి ఇంటికి పంపారు. మన చట్టం ఉల్టా పనిచేస్తోంది. పార్టీ ఆదేశాన్ని, అంటే విప్‌ని, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందని భయపెట్టి ఎమ్మెల్యే నోరు నొక్కేస్తుంది, అమ్ముడుపోయేవాడిని మాత్రం ఆపలేదు. తన నియోజకవర్గానికి అన్యాయం జరిగే బిల్లుకి అడ్డంగా ఓటేసే హక్కు ఎమ్మెల్యేకి ఉండాలి. ఆ హక్కు లేకపోవడం కూడా ఓటరుని లెక్కచెయ్యకపోవడమే.

గోదారి గట్టు
అక్కడ అభ్యర్థిని ఎంచుకునేది కూడా ఓటర్లే కదండీ. ఇక్కడ బీ ఫారం ఎవరికొస్తుందో నామినేషన్ల ఆఖరిరోజు మధ్యాహ్నం దాకా అభ్యర్థికే తెలియదు.

రిటైర్డ్ పంతులు
చాలా ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశాను, కొన్నిసార్లు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. ఒక ఓటు పెట్టెలో పడాలంటే వెనక ఎంత ఉంటుందో ఈ తరానికి చెప్పాలి. ముందురోజు పొద్దున్నే మండల కేంద్రంలో సామగ్రి తీసుకుంటాం. యంత్రం నంబర్లు, సీళ్లు, ట్యాగులు, సిరాసీసా, ఓటర్ల జాబితా, అన్నీ సరిచూసుకుని సంతకాలు పెట్టాలి. రాత్రి బడిలోనే పడక. బెంచీలు కలిపి దుప్పటి పరుచుకుంటాం, దోమల వల్ల నిద్ర పట్టదు. తెల్లవారుజామున ఏజెంట్లందరి ముందూ కనీసం యాభై ఓట్లతో మాక్ పోల్ పెట్టి, లెక్క సరిపోయిందని వాళ్లకి చూపించి, దాన్ని చెరిపేసి, మళ్లీ సీలు వెయ్యాలి. సాయంత్రం పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి ప్రతి ఏజెంటుకీ కాపీ ఇవ్వాలి. ఒక్క అంకె తేడా వస్తే రాత్రంతా రిసెప్షన్ సెంటర్లో కూర్చోవాల్సిందే.

ఒకసారి ఓ ముసలమ్మని మనవడు భుజాల మీద మోసుకొచ్చాడు. ఆమె ఎడమ చూపుడువేలు గోరు సగం అరిగిపోయి ఉంది. మా పోలింగ్ ఆఫీసరు సిరా ఎక్కడ పెట్టాలో తెలియక నావైపు చూశాడు. గోరు పక్కన చర్మం మీద కూడా పెట్టమన్నాను. ఆమె కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. లోపలికి వెళ్లి సాయం చెయ్యడానికి మాకు వీల్లేదు. చివరికి బీప్ వినబడింది. బయటికొచ్చి "సరిగ్గా పడ్డదా అయ్యా?" అని అడిగింది. పడిందమ్మా అన్నాను.

ఆ నియోజకవర్గంలో గెలిచినాయన కూడా తర్వాత పార్టీ మారాడు. ఆమెకి నేను చెప్పిన జవాబు నిజమో అబద్ధమో ఇప్పటికీ తెలియదు.

ఓరుగల్లు కోట
సార్, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

రిటైర్డ్ పంతులు
ఇంకో మాట. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేసినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ని. అప్పటికి ఫిరాయింపుల చట్టమే లేదు. ఎన్టీఆర్ గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి, నీరసంగానే ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబడ్డాడు. ఇక్కడ ఊరూరా బంద్‌లు, ర్యాలీలు. టీడీపీకి ఓటెయ్యనివాళ్లు కూడా మా ఊళ్లో రోడ్డెక్కారు, "మేం ఓడిపోయాం, కానీ గెలిచినవాడిని దించే హక్కు ఢిల్లీకి లేదు" అని. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి. అప్పుడు జనం ఊరుకోలేదు. ఇప్పుడు పదిమంది మారినా ఊరుకుంటున్నారు, ఎందుకు?

సీమ శనగలు
అప్పుడు ప్రభుత్వమే పోయింది సార్, అందరికీ కనబడింది. ఇప్పుడు ఒక్కొక్కరే జారిపోతున్నారు. ఇంకోటి, అప్పుడు వచ్చిన కోపానికి ముందు నిలబడ్డ మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఫిరాయింపు తప్పని అరిచే పార్టీ కూడా నిన్న చేర్చుకున్న పార్టీయే. దాని వెనక ఎవరు నడుస్తారు?

ఉత్తరాంధ్ర
ఎమ్మెల్యేలే అనుకుంటున్నారు, కింద ఇంకా ఘోరం. మా విశాఖ కార్పొరేషన్లో 98 వార్డులు. 2021లో వైసీపీకి స్పష్టమైన మెజారిటీ ఇచ్చాం. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌కల్లా కార్పొరేటర్లు అటు దూకి అవిశ్వాసం పెట్టి మేయర్‌ని దించేశారు. మధ్యలో క్యాంపులు, మలేసియా దాకా వెళ్లారని వార్తలు. వీధిలైటు వెలగడం లేదని ఫోన్ చేస్తే ఎత్తని మనుషులు పాస్‌పోర్టు మాత్రం రెడీగా పెట్టుకున్నారు. తెలంగాణ మున్సిపాలిటీల్లో కూడా 2024 మొదట్లో ఇదే తంతు. రాష్ట్రంలో ఎవడు గెలిస్తే ఊళ్లో ఎప్పుడో వేసిన ఓటు కూడా వాడికే బదిలీ అవుతుందా?

నేలబారు
సరే, నేను మొదట రాసిన దానికి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే అందరూ ఫిరాయించినవాడినే తిడుతున్నారు. అతను ఫిరాయించేలా చేసే యంత్రాంగం సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

ప్రతిపక్ష ఎమ్మెల్యే గెలిచిన చోట ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. అధికార పార్టీ తరఫున ఓడిపోయినాయన 'నియోజకవర్గ ఇన్‌చార్జి' అవుతాడు. ఎంపీడీవో, ఎమ్మార్వో, సీఐ పోస్టింగు ఆయన లెటర్ మీదే. ప్రత్యేక అభివృద్ధి నిధులు ఆయన పేరు మీదే. పింఛను జాబితా, ఇళ్ల జాబితా ఆయన మనుషుల చేతిలోనే. చెక్కుల పంపిణీకి ఎమ్మెల్యేని పిలిచినా స్టేజి మీద మధ్య కుర్చీ ఇన్‌చార్జిది. ఎమ్మెల్యే చివర కూర్చుంటాడు, లేదా గొడవ చేసి వెళ్లిపోతాడు. ఒక ఎమ్మెల్యే ఆఫీసులో నేను కూర్చున్న పూటే ముగ్గురు వచ్చి "మీతో కాదు సార్, ఇన్‌చార్జి గారి దగ్గరికే పోతాం" అని మొహం మీద చెప్పి వెళ్లారు. రెండేళ్లు ఇది భరించాక ఎంతమంది నిలబడతారు?

మగ్గం గుంట
అన్నా, మీరు ఫిరాయింపుని సమర్థిస్తూ మొదలుపెట్టి నాకన్నా పెద్ద ఫిర్యాదు రాశారు. మేం ఓడించినవాడే మమ్మల్ని పాలిస్తున్నాడన్నమాట. గెలిచినవాడు దూకినా, ఓడినవాడు ఏలినా మా తీర్పు చెత్తబుట్టలోకే.

నేలబారు
సమర్థించలేదు తమ్ముడూ. ఎందుకు జరుగుతుందో చెప్పాను. ఇన్‌చార్జి వ్యవస్థ తీసేసి, నిధులు ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా సమానంగా ఇస్తే సగం ఫిరాయింపులు ఆగుతాయి. మిగతా సగం కాంట్రాక్టులు, కేసుల కోసం వెళ్లేవాళ్లు. వాళ్లని ఆపడానికి మాత్రం కోర్టు హాలు గారి ట్రిబ్యునల్ కావాలి.

కొత్త ఓటరు
మధ్యలో దించేసే పద్ధతి ఎక్కడా లేదా? ఐదేళ్లు ఆగాల్సిందేనా?

కోర్టు హాలు
ఎమ్మెల్యేలకి లేదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ మున్సిపాలిటీల్లో అధ్యక్షులకి పెట్టారు. ఓటర్లు వచ్చి 'ఖాళీ కుర్చీ', 'నిండు కుర్చీ' గుర్తుల్లో ఒకదానికి ఓటేస్తారు. ఖాళీ కుర్చీ గెలిస్తే పదవి పోయినట్టే. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో అలా కొందరిని దించారు కూడా.

బెజవాడ బస్టాండ్
ఖాళీ కుర్చీ గుర్తు మా దగ్గర పెడితే డిపాజిట్లు గల్లంతే, అందరివీ.

మానుకోట మిర్చి
దాన్ని కూడా ఓడినవాడే డబ్బు పంచి వాడుకుంటాడు. ఏడాది తిరక్కుండానే ప్రతి గెలిచినవాడి మీదా ఖాళీ కుర్చీ పెడతారు. నాకు నమ్మకం లేదు.

గోదారి గట్టు
నేనడిగేది చాలా చిన్నది. నామినేషన్ అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు రాస్తారు కదా. "పార్టీ మారితే ఫలానా గడువులో రాజీనామా చేస్తాను" అని ఒక్క లైను కూడా రాయమనండి. చట్టప్రకారం చెల్లకపోయినా ఫ్లెక్సీ వేసి ఊరి మధ్యలో కట్టొచ్చు.

మగ్గం గుంట
@కోర్టు హాలు సార్, నా రెండో ప్రశ్నకి జవాబు రాలేదు. ఓటరుగా నేను ఫిర్యాదు చెయ్యొచ్చా, లేక అది ఎమ్మెల్యేలే చెయ్యాలా?

కోర్టు హాలు
చెయ్యొచ్చు. మామూలుగా సభ రూల్స్ ప్రకారం సభ్యులే పిటిషన్ వేస్తారు. కానీ ఒడిశా స్పీకర్ కేసులో 2013లో సుప్రీంకోర్టు, ఆసక్తి ఉన్న ఏ వ్యక్తైనా ఫిరాయింపు విషయాన్ని స్పీకర్ దృష్టికి తీసుకెళ్లొచ్చని చెప్పింది. మీరు ఆ నియోజకవర్గ ఓటరు, మీకంటే ఆసక్తి ఎవరికుంటుంది? ఇప్పటికే పిటిషన్ పెండింగ్‌లో ఉన్న ఎమ్మెల్యే అయితే కొత్తగా వేసే ముందు ఒకసారి హైకోర్టు లాయర్‌తో మాట్లాడండి.

కండువా కప్పించుకున్న తేదీ, స్థలం, ఎవరు కప్పారు, అక్కడ ఏం మాట్లాడాడు, అన్నీ తేదీల వారీగా రాసుకోండి. పేపర్ కటింగ్ ఒక్కటే చాలదు. వీడియో ఉంటే పెన్‌డ్రైవ్‌తో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచెయ్యాలి. చాలా పిటిషన్లు దెబ్బతినేది దీని దగ్గరే.

మగ్గం గుంట
కండువా వీడియో ఆయన సొంత ఫేస్‌బుక్ పేజీలోనే ఉంది. లింకు సరిపోతుందా, డౌన్‌లోడ్ చెయ్యాలా?

కోర్టు హాలు
ఈరోజే డౌన్‌లోడ్ చెయ్యండి. పేజీ అడ్రస్, తేదీ కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ కూడా. ఏ ఫోన్‌లో, ఎన్ని గంటలకి చేశారో రాసిపెట్టుకోండి, సర్టిఫికెట్‌లో ఆ వివరాలు కావాలి. పిటిషన్ మీద సంతకం మీ ఒక్కరిదే ఉండనక్కర్లేదు.

మగ్గం గుంట
పక్కింటి పెద్దాయనతో ఇప్పుడే మాట్లాడాను. వేలిముద్ర చెల్లుతుందా అని అడుగుతున్నాడు.

కోర్టు హాలు
చెల్లుతుంది. పక్కన ఒక సాక్షి సంతకం పెట్టించండి.